అనాబ్‌షాహీ కథ: ముందు తోటలో, తర్వాత ల్యాబ్‌లో

ద్రాక్ష గురించి మన నోట్స్‌లో మామూలుగా మూడు ముక్కలే ఉంటాయి. నాసిక్ ద్రాక్షకు జీఐ ట్యాగ్, పుణెలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం, ఎగుమతుల్లో మహారాష్ట్రది మొదటి స్థానం. ప్రిలిమ్స్‌కి ఇవి సరిపోతాయి. మెయిన్స్‌లో వ్యవసాయ పరిశోధనకీ రైతుకీ మధ్య సంబంధం గురించి ప్రశ్న వస్తే మాత్రం వీటితో ఒక పేరా కూడా నిండదు. అందుకే ఈ వారం వ్యాసానికి హైదరాబాద్ ద్రాక్షను తీసుకున్నాను.

నేనుండేది జంషెడ్‌పూర్. ఇక్కడి సాక్చీ బజారులో ఫిబ్రవరి నుంచి కనిపించే ద్రాక్ష పెట్టెల మీద నాసిక్, సాంగ్లీ పేర్లే ఉంటాయి. కానీ పచ్చగా, కోలగా, కాస్త లావుగా ఉన్న ద్రాక్షను ఎక్కడ చూసినా మా ఇంట్లో పెద్దవాళ్లు దాన్ని "అనాబ్‌షాహీ" అనే అంటారు. ఆంధ్రా నుంచి టాటా కంపెనీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన చాలా తెలుగు ఇళ్లలో ఈ మాట ఇంకా ఉంది. పంట దాదాపు కనుమరుగైంది, పేరు మిగిలింది. ఎలా?

ఈ వ్యాసంలో నేను నిలబెట్టాలనుకున్న వాదన ఇది. ద్రాక్ష చరిత్రలో ఎక్కువసార్లు పద్ధతి తోటలో పుట్టింది, దాని కారణం ల్యాబ్‌లో తర్వాత దొరికింది. ఒక ముఖ్యమైన సందర్భంలో మాత్రం ల్యాబ్ ముందు నడిచింది. అనాబ్‌షాహీని దెబ్బతీసింది కూడా అదే.

ముందు పాత చరిత్ర, త్వరగా. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి బాధ్యతలు చెప్పే అధ్యాయంలో మృద్వీక, అంటే ద్రాక్ష రసంతో చేసిన "మధు" ప్రస్తావన వస్తుంది. దానికి కాపిశాయనం, హారహూరకం అని ప్రాంతాల పేర్లు పెట్టారు. కాపిశ అంటే నేటి అఫ్గానిస్తాన్‌లోని బేగ్రామ్ పరిసరాలు. అంటే మౌర్యుల నాటి పాలనా గ్రంథానికి ద్రాక్ష మద్యం వాయవ్యం నుంచి వచ్చే సరుకుగా తెలుసు. మన తెలుగు అలంకార శాస్త్రంలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని శతాబ్దాలుగా చెప్పుకుంటున్నాం. సులువుగా అర్థమయ్యే కవిత్వానికి ద్రాక్షను ఉపమానంగా పెట్టారు. విచిత్రం ఏమిటంటే అరటి, కొబ్బరి మన పెరట్లో ఉన్నాయి, ద్రాక్ష మాత్రం చాలాకాలం మన పద్యాల్లోనే ఉంది.

దక్కనులో ద్రాక్షకు గట్టి సాక్ష్యం 14వ శతాబ్దిలో దొరుకుతుంది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ 1327లో రాజధానిని దౌలతాబాద్‌కు మార్చిన సంగతి అందరం చదివాం. ఆ తర్వాత ఆ ఊరు చూసిన ఇబ్న్ బతూతా, అక్కడ ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాస్తాయని రాశాడు. మనం తుగ్లక్ పేరాలో రాజధాని మార్పు, రాగి నాణేలు రాసి ముందుకు వెళ్లిపోతాం. ఈ "రెండుసార్లు" అన్న మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. దక్షిణాది ద్రాక్ష సైన్స్ అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

ద్రాక్ష పుట్టుకతో చలి దేశపు తీగ. యూరప్‌లో, కశ్మీర్‌లో శీతాకాలం రాగానే ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో లేచి చిగురించి కాస్తుంది. దక్కనులో దాన్ని నిద్రపుచ్చేంత చలి లేదు. తీగ ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటుంది, కొనలు సాగిపోతూనే ఉంటాయి, వదిలేస్తే పందిరి నిండా ఆకే తప్ప గుత్తి ఉండదు. చలి చేయాల్సిన పనిని ఇక్కడ కత్తెర చేయాలి. అదే మన దగ్గర ఏడాదికి రెండు కత్తిరింపులు చేయడానికి కారణం. ఏప్రిల్‌లో తీగను బాగా వెనక్కి, మొదటి కణుపుల దాకా కత్తిరిస్తారు. దాంతో కొత్త రెమ్మలు వస్తాయి. ఈ కత్తిరింపు కాయ కోసం కాదు, కాయనిచ్చే రెమ్మల కోసం. మళ్లీ అక్టోబర్‌లో ఆ రెమ్మలను రకాన్ని బట్టి కొన్ని కణుపులు ఉంచి పైన కత్తిరిస్తారు. ఈసారి వచ్చే చిగుళ్లలో గుత్తులుంటాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కోత.

శాస్త్రవేత్తలు తర్వాత తేల్చింది ఏమిటంటే, అక్టోబర్‌లో బయటికొచ్చే గుత్తి నిజానికి వేసవిలోనే మొగ్గ లోపల తయారైపోతుంది. ఏప్రిల్ కత్తిరింపు జరిగిన సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, ఆ చిన్న మొగ్గలో గుత్తి రావాలా, నులితీగ రావాలా అన్నది నిర్ణయమవుతుంది. అప్పుడు ఎండ బాగా తగిలితే గుత్తి. జూన్‌లో మబ్బులు ముసిరి, ఆకు ఒకదాని మీద ఒకటి కమ్ముకుంటే నులితీగ. మొక్కలో సైటోకైనిన్, జిబ్బరెలిన్ అనే హార్మోన్ల పాళ్లు ఈ నిర్ణయాన్ని నడుపుతాయి. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. దీన్ని చూస్తే నాకు క్యాస్టింగ్ గుర్తొస్తుంది. లోపం పోతపోసేటప్పుడే పడుతుంది, బయటపడేది మెషీన్ షాపులో.

ఈ వివరణ రాకముందే దక్కను తోటల్లో రెండు పంటల ఆనవాయితీ ఉందని ఇబ్న్ బతూతా మాట చెబుతోంది. అప్పటి తోటమాలి ఏ నెలలో ఎంత కత్తిరించేవాడో ఆయన రాయలేదు. కానీ చలి లేని నేల మీద ఈ తీగ ప్రవర్తన వేరని గమనించినవాళ్లు ఉన్నారన్నది స్పష్టం.

ఇక హైదరాబాద్. దక్షిణాదికి ద్రాక్ష రెండు ప్రధాన దారుల్లో మళ్లీ వచ్చింది. 1832 ప్రాంతంలో ఫ్రెంచ్ క్రైస్తవ మిషనరీల ద్వారా తమిళనాడులోని మదురై, సేలం వైపుకి. 20వ శతాబ్ది తొలినాళ్లలో నిజాం ద్వారా హైదరాబాద్ సంస్థానానికి. అరబ్బీలో ఇనబ్ అంటే ద్రాక్ష, ఫారసీలో షాహీ అంటే రాజుకు చెందినది. ఈ రాజద్రాక్షను వెలుగులోకి తెచ్చినవాడిగా ఉద్యాన పుస్తకాలు ఒక పరిశోధన కేంద్రం పేరు చెప్పవు, అబ్దుల్ బాకర్ ఖాన్ అనే హైదరాబాదీ పేరు చెబుతాయి. తోట మీద శ్రద్ధ ఉన్న మనిషి తన తోటలో బాగా కాసిన తీగను గుర్తించి, దాని కొమ్మలు ఇతరులకు పంచడంతో ఒక రకం స్థిరపడింది.

ద్రాక్షకు విత్తనంతో పని లేదు, కొమ్మ ముక్క నాటితే చాలు. తల్లి తీగలో ఉన్న గుణమే పిల్ల తీగలో వస్తుంది. కాబట్టి ఇక్కడ "పరిశోధన" అంటే తొలి రోజుల్లో చూపు మాత్రమే: వందల తీగల్లో మంచిదాన్ని పట్టుకునే చూపు.

అనాబ్‌షాహీ గుణాలు చూస్తే అది ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. పెద్ద గుత్తి, పెద్ద కాయ, పల్చటి తోలు, విపరీతమైన దిగుబడి. సగటున హెక్టారుకు 35 టన్నుల దాకా కాసే రకం. యూరప్‌లో మంచి వైన్ కోసం దిగుబడిని కావాలనే ఇందులో మూడో వంతుకో, అంతకన్నా తక్కువకో కట్టడి చేస్తారు. లోపాలు కూడా ఉన్నాయి. తీపి తక్కువ, గింజలుంటాయి, బూజు తెగులుకు తట్టుకోలేదు. అయినా 1960, 70లలో హైదరాబాద్ చుట్టూ ఎర్రనేలల్లో రాతి కూసాలు పాతి, తీగలు లాగి పందిళ్లు వేసిన తోటలు విస్తరించాయి. హైదరాబాద్ ద్రాక్ష అంటే దేశానికి దిగుబడి పాఠం అయింది.

ఈ కాలంలోనే సంస్థలు కూడా వచ్చాయి. ఇంపీరియల్ వ్యవసాయ పరిశోధన మండలి, అంటే నేటి ఐకార్, లిన్‌లిత్‌గో కమిషన్ సిఫారసు మీద 1929లో ఏర్పడిందని మనకు తెలుసు. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం, దాని విద్య, పరిశోధనతో సహా. అందుకే రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయాలు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో రాజేంద్రనగర్‌లో మొదలైంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ 1967లో వచ్చింది. తేదీలు గమనించండి. అనాబ్‌షాహీ అప్పటికే తోటల్లో స్థిరపడిన రకం. పరిశోధనకు అది దొరికిన పంట, పరిశోధన కనిపెట్టిన పంట కాదు.

ఉత్తరాదిలో కథ వేరు. అక్కడ పంజాబ్, హర్యానాల్లో వ్యాపించిన పెర్లెట్ రకం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో హెరాల్డ్ ఓల్మో సంకరం చేసి 1946లో విడుదల చేసినది. తొందరగా పండుతుంది కాబట్టి రుతుపవనాల ముందే కోతకొస్తుంది. ఒకే దేశంలో ఒక చోట ల్యాబ్ రకం, మరో చోట తోట రకం.

ఈ "ముందు తోట, తర్వాత ల్యాబ్" అన్నది మన దేశపు వెనుకబాటు అనుకుంటే పొరపాటు. ఫ్రాన్స్‌లోనూ అంతే. 1870ల చివర్లో అమెరికా నుంచి వచ్చిన బూజు తెగులు ఫ్రెంచ్ తోటలను కమ్మేసింది. మెడోక్ ప్రాంతంలో దారి పక్కన ఉన్న తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయని బోర్డో ప్రొఫెసర్ మిల్యార్డే గమనించాడు. కారణం అడిగితే తేలిందేమిటంటే, దారిన పోయేవాళ్లు ద్రాక్ష తెంపుకోకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి నీలంగా చల్లారు. దొంగల కోసం చల్లిన మందు తెగులును ఆపింది. మిల్యార్డే దాన్ని పరీక్షించి, పాళ్లు తేల్చి 1885లో ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. మన రైతులు నేటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. సైన్స్ అండ్ టెక్ పేపర్లో దీన్ని ఉదాహరణగా రాయండి, పెన్సిలిన్ ఉదాహరణ చదివి చదివి పరీక్షకులు కూడా విసిగిపోయి ఉంటారు.

వైన్ సంగతీ అంతే. వేల ఏళ్లు వైన్ చేశాక, అది ఎందుకు చెడుతుందో 1866లో పాశ్చర్ తన పుస్తకంలో వివరించాడు. పులియడం సూక్ష్మజీవుల పని అని, కొద్దిగా వేడి చేస్తే చెడగొట్టేవి చస్తాయని చూపించాడు. పాల ప్యాకెట్ మీద మనం చదివే పాశ్చరైజేషన్ మొదట వైన్ కోసం పుట్టిన ఉపాయం. వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగును 1868లో ప్లాంషాన్ బృందం గుర్తించింది. పరిష్కారం అమెరికా అడవి ద్రాక్ష వేళ్ల మీద యూరప్ ద్రాక్షను అంటుకట్టడం. ఆ పనిలో సాయపడిన టెక్సస్ ద్రాక్ష నిపుణుడు మన్సన్‌ను ఫ్రాన్స్ సత్కరించింది. మన్సన్ ఎంచిన డాగ్‌రిడ్జ్ అనే వేరు మొక్క మీదే నేడు మహారాష్ట్ర ద్రాక్షలో చాలా భాగం నిలబడి ఉంది. మనకు కావలసింది పురుగును తట్టుకోవడం కాదు, ఉప్పునీటినీ కరువునూ తట్టుకోవడం. ఒక దేశం ఒక రోగానికి వెతికిన మందు ఇంకో దేశంలో ఇంకో బాధకు పనికొచ్చింది.

ఇప్పుడు ల్యాబ్ ముందు నడిచిన సందర్భానికి వద్దాం.

వరిలో నారు అతిగా సాగి, పాలిపోయి, కాపు లేకుండా పోయే ఒక తెగులు జపాన్ రైతులకు ఎప్పటినుంచో తెలుసు. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త ఆ సాగుడుకు కారణం శిలీంధ్రం విడుదల చేసే ఒక పదార్థమని చూపించాడు. 1930లలో యబుటా దానికి జిబ్బరెలిన్ అని పేరు పెట్టాడు. 1950ల చివరికి కాలిఫోర్నియాలో దాన్ని థాంప్సన్ సీడ్‌లెస్ ద్రాక్ష మీద వాడటం మొదలైంది. ఇందులో తర్కం చక్కగా ఉంటుంది. ద్రాక్ష కాయ లావెక్కాలంటే గింజ నుంచి వచ్చే హార్మోన్లు కావాలి. గింజలేని రకంలో ఆ సరఫరా ఉండదు, అందుకే కాయ చిన్నగా, గుండ్రంగా ఉండిపోతుంది. గుత్తిని జిబ్బరెలిన్ ద్రావణంలో ముంచితే ఆ లోటు తీరుతుంది. కాయ పొడవు సాగుతుంది, గుత్తి వదులవుతుంది.

అనాబ్‌షాహీ బలం కాయ సైజు. ఆ సైజు దానికి గింజ వల్ల వచ్చింది. గింజ లేకుండా సైజు తెప్పించే మందు దొరికాక, గింజ బలం కాకుండా బలహీనత అయిపోయింది. కొనేవాడికి గింజ ఉమ్మే పని లేదు, తీపి ఎక్కువ, పెట్టెలో వేసి దూరం పంపినా తట్టుకుంటుంది. మహారాష్ట్ర థాంప్సన్ సీడ్‌లెస్ వైపు వెళ్లింది. అక్కడ రైతుల సహకార వ్యవస్థ బలంగా ఉండటం, 1991లో మహాగ్రేప్స్ ఏర్పడి కోల్డ్ స్టోరేజీ, ఎగుమతి ప్రమాణాలు నేర్పడం తోడయ్యాయి. 1997లో పుణె దగ్గర జాతీయ కేంద్రం కూడా వచ్చింది. హైదరాబాద్ రైతులు కూడా సీడ్‌లెస్ వేశారు, కానీ అప్పటికే ఇంకో పోటీదారు తోట గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఆ సంగతి చివర్లో.

మహారాష్ట్రలో కూడా తోట తన పని మానలేదు. తోటల్లో రైతులే తేడాగా కనిపించిన కొమ్మలను పట్టుకుని కొత్త రకాలు నిలబెట్టారు. తాస్‌గావ్ నుంచి తాస్-ఎ-గణేశ్, సోలాపూర్ జిల్లా నానజ్‌లో నానాసాహెబ్ కాళే తోట నుంచి సొనాకా, శరద్ సీడ్‌లెస్. కర్ణాటకలో అనాబ్‌షాహీ తీగ నుంచే దిల్‌ఖుష్. వీటిని చూస్తే 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఎందుకు ప్రత్యేకమో అర్థమవుతుంది. ట్రిప్స్ 27.3(బి) కింద చాలా దేశాలు బ్రీడరుకు మాత్రమే హక్కు ఇచ్చే నమూనాను ఎంచుకున్నాయి. మన చట్టం రైతును కూడా బ్రీడరుగా చూసి, రైతు రకాన్ని నమోదు చేసుకునే వీలు కల్పించింది. అబ్దుల్ బాకర్ ఖాన్ కాలానికి అలాంటి చట్టం ఉంటే ఎలా ఉండేదని ఒక లైను రాస్తే సమాధానానికి చరిత్ర, పాలిటీ రెండూ కలుస్తాయి.

వైన్ విషయంలో మన రాజ్యాంగం రెండు వైపులా లాగుతుంది. 47వ అధికరణ మత్తు పానీయాల నిషేధం వైపు చూడమంటుంది. రాష్ట్ర జాబితా 8వ అంశం మద్యాన్ని రాష్ట్రాల చేతిలో పెట్టింది. ఫలితంగా అదే పండుకు ఒక రాష్ట్రంలో పరిశ్రమ హోదా, పక్క రాష్ట్రంలో ఎక్సైజ్ ఫైలు. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైనరీలకు దారి ఇచ్చింది. హైదరాబాద్ ద్రాక్ష ఆ వైపు వెళ్లలేదు. తీపి తక్కువ, దిగుబడి ఎక్కువ ఉన్న రకం వైన్‌కు పనికిరాదు కూడా. అయితే హెసరఘట్ట శాస్త్రవేత్తలు అనాబ్‌షాహీని క్వీన్ ఆఫ్ ద వైన్‌యార్డ్స్ అనే రకంతో సంకరం చేసి అర్కా కాంచన్, అర్కా సోమ తెచ్చారు. రెండూ వైన్‌కు పనికొచ్చేవే. అనాబ్‌షాహీ, థాంప్సన్ సంకరం అర్కా శ్వేత. బెంగళూరు బ్లూ, అనాబ్‌షాహీ సంకరం అర్కా హంస. తోటలో ఓడిన తీగ సంకరాల్లో తల్లిగా, తండ్రిగా కొనసాగింది.

ఇక్కడ ఎదురు ఉదాహరణ కూడా పెట్టాలి, లేకపోతే వాదన ఏకపక్షం అవుతుంది. అది నేనున్న రాష్ట్రంలోనే ఉంది. జార్ఖండ్‌లో ఉపాధి హామీ కింద బిర్సా హరిత్ గ్రామ్ యోజనలో వేసిన మామిడి తోటల్లో ఆమ్రపాలి ప్రధాన రకం. ఇది ఏ తోటలోనూ దొరికింది కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో పీయూష్ కాంతి మజుందార్ 1971లో ఉత్తరాది దసేరికీ దక్షిణాది నీలానికీ సంకరం చేసి తయారుచేశారు. పొట్టి చెట్టు, ఏటా కాపు. దగ్గర దగ్గరగా నాటితే హెక్టారుకు 1,600 చెట్లు పడతాయి. ఎత్తు నేల మీద కొద్దిపాటి భూమి ఉన్న ఆదివాసీ కుటుంబానికి ఇది లెక్కకు వచ్చే చెట్టు. ఏడాది విడిచి ఏడాది కాసే దసేరి గుణాన్ని మార్చడం తోటమాలి చూపుతో అయ్యే పని కాదు. ఏటా కాసే నీలం పుప్పొడి కావాలి, ఏళ్ల తరబడి మొక్కలను పెంచి చూసే ఓపిక, జీతం ఇచ్చే సంస్థ కావాలి. మామిడి మొక్క కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది, ఏ చిన్న రైతూ అంత కాలం ప్రయోగానికి భూమి వదలలేడు. దీన్నుంచి నాకు తోచింది: పంట తొందరగా ఫలితం చూపి, కొమ్మతో వ్యాపించేదైతే రైతు పరిశోధకుడు కాగలడు. ఫలితానికి దశాబ్దం పట్టేదైతే ప్రభుత్వ డబ్బు లేకుండా ఏమీ జరగదు.

తిరిగి హైదరాబాద్ తోట గట్టు మీది పోటీదారు దగ్గరికి. అది భూమి ధర. పందిరి తోటకు కూసాలు, తీగలు, బోరు, కూలీలు అన్నీ ముందు పెట్టుబడి. అక్టోబర్‌లో అకాల వర్షం పడితే బూజు తెగులుకు ఏడాది పంట పోతుంది. భూగర్భ జలం తగ్గుతూ వచ్చింది. అదే సమయంలో నగరం నాలుగు వైపులా పెరిగింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. హెక్టారుకు 35 టన్నులు కాదు, అంతకు రెట్టింపు పండినా ప్లాట్ల ధరతో పోటీ పడలేదు. ఇక్కడ పరిశోధన విఫలమైందని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. తెగులుకు మందు ఉంటుంది, ఉప్పునీటికి వేరు మొక్క ఉంటుంది, భూమి ధరకు ఏ సంకరమూ లేదు. అది మాస్టర్ ప్లాన్‌లో తేలాల్సిన విషయం. పట్టణీకరణ ప్రశ్నలో నగర శివారు ఉద్యాన పంటల నష్టం గురించి రాసేవాళ్లు తక్కువ, ఈ ఉదాహరణ అక్కడ కూడా వాడొచ్చు.

రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇప్పుడు కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద ఉన్న తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద ఉంది. చుట్టూ నగరం. లోపల రకరకాల ద్రాక్ష తీగలు వరసలుగా ఉన్నాయి. కోత కాలంలో జనాన్ని లోపలికి రానిచ్చి, స్వయంగా కోసుకుని తూకం వేయించుకునే వీలు కల్పిస్తారు. రైతు తోటలు పోయిన చోట పరిశోధన తోట మిగిలింది. కొత్త రకం కావాలనుకున్న బ్రీడరు కొమ్మ కోసం అక్కడికే వెళ్లాలి.

ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "భారత ఉద్యాన రంగంలో కొత్త రకాల ఆవిర్భావానికి రైతుల ఎంపిక, సంస్థాగత పరిశోధన రెండూ తోడ్పడ్డాయి. ద్రాక్ష, మామిడి ఉదాహరణలతో చర్చించండి." సమాధానాలు కామెంట్లలో పెట్టండి, ఆదివారం లోపు చూసి చెబుతాను. వచ్చే వారం సబౌర్, పూసా: బీహార్‌లో వ్యవసాయ పరిశోధన.